రెఫరీ కళ్లతో జడ్జి కుర్చీలో: ఒక బాక్సింగ్ అధికారి కేసు

ఈ కేసులోని వ్యక్తి పేరు, దేశం, ఆయన పనిచేసిన టోర్నమెంట్లు, అవి జరిగిన సంవత్సరాలు ఇక్కడ ఉండవు. ఆయన అనుమతి తీసుకునే రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను తీసివేశాను, రెండు మూడు చోట్ల మార్చాను. నేను అమెచ్యూర్ బాక్సింగ్‌లో చాలా ఏళ్లు రెఫరీగానూ జడ్జిగానూ పనిచేసి, తర్వాత ఆ పని చేసేవారి పనితీరును అంచనా వేసే బాధ్యతలోకి వచ్చాను. ఇవాల్యుయేటర్‌గా రింగ్ పక్కన కూర్చుని ప్రతి రౌండుకూ నేనూ స్కోరు వేస్తాను, ఐదుగురు జడ్జిల స్కోర్లను దాని పక్కన పెట్టి చూస్తాను, రెఫరీ ఎక్కడ ఆలస్యం చేశాడో ఎక్కడ తొందరపడ్డాడో రాసుకుంటాను. ఈ కేసును రాసిపెట్టుకోవడానికి కారణం, దీనిలో నా తప్పులు కూడా ఉండటం.

నేపథ్యం

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో రెఫరీ, జడ్జి సాధారణంగా వేర్వేరు మనుషులు. అమెచ్యూర్‌లో అలా ఉండదు. ఒకే అధికారి ఒక బౌట్‌లో (ఇద్దరి మధ్య జరిగే పోటీలో) రింగులోకి దిగి ఆటను నడిపిస్తాడు, మరికాసేపటికి తాడు బయట కుర్చీలో కూర్చుని వేరే బౌట్‌కు పాయింట్లు వేస్తాడు. జాతీయ స్థాయి అనుభవం తర్వాత అంతర్జాతీయ పరీక్ష రాసి ఒక స్టార్, రెండు స్టార్లు, మూడు స్టార్లు అంటూ మెట్లెక్కే క్రమంలో కూడా రెండు పనులనూ కలిపే తూకం వేస్తారు. ఒకదానిలో ఎంత గొప్పవాడైనా రెండోదానిలో వెనకబడితే పై మెట్టు దొరకదు. ఇందులో జీతం ఉండదు. ఎక్కువమంది ఉద్యోగాలకు సెలవు పెట్టుకుని, రోజు భత్యం మీద వచ్చి పనిచేసేవారే.

ఈ అధికారి యువకుడిగా ఉన్నప్పుడు బాక్సర్. రెండు స్టార్ల స్థాయికి వచ్చేసరికి రెఫరీగా ఆయనకు మంచి పేరుంది. ఇద్దరు బాక్సర్లతో కలిపి ఎప్పుడూ ఒక త్రిభుజం ఏర్పడేలా రింగులో కదిలేవారు కాబట్టి, ఇద్దరి మధ్య ఖాళీ ఆయనకు ఎప్పుడూ తెరిచిన తలుపులా కనిపించేది. తల వంచి దూరే అలవాటున్న బాక్సర్‌ను మొదటి నిమిషంలోనే పసిగట్టేవారు. ఒకరు కుడిచేతివాటం, మరొకరు ఎడమచేతివాటం అయినప్పుడు ముందు పాదాలు ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, తలలు ఢీకొనే ప్రమాదం పెరుగుతుంది. అలాంటి బౌట్లను ఆయనకు అప్పగిస్తే మేం నిశ్చింతగా ఉండేవాళ్లం.

సమస్య

జడ్జిగా మాత్రం వరుసగా రెండు టోర్నమెంట్లలో ఆయన మార్కులు పడిపోయాయి. నలుగురు జడ్జిలు ఒక బాక్సర్‌కు ఇచ్చిన రౌండును ఆయన ఒక్కరే రెండోవారికి ఇవ్వడం తరచుగా జరిగింది. తేడా వచ్చిన రౌండ్లన్నీ హోరాహోరీవి అయి ఉంటే పెద్దగా పట్టించుకునేవాడిని కాను. కొన్ని రౌండ్లలో నా లెక్క ప్రకారం కూడా విజేత స్పష్టంగా ఉన్నాడు.

ఇలాంటి సందర్భంలో మా రంగంలో ముందుగా తలెత్తే ప్రశ్న నిజాయితీ గురించే. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్‌లో రాయ్ జోన్స్ జూనియర్ మీద పార్క్ సి హున్‌కు 3-2తో ఇచ్చిన తీర్పును ఈ రంగంలోకి వచ్చే ప్రతివారూ ఏదో ఒక రోజు వింటారు. ఆ ఒలింపిక్స్‌లో అత్యుత్తమ బాక్సర్‌కు ఇచ్చే వాల్ బార్కర్ ట్రోఫీ దక్కింది ఓడిపోయిన జోన్స్‌కే. 2016 రియోలో వివాదాస్పద తీర్పుల తర్వాత అక్కడ పనిచేసిన 36 మంది రెఫరీలను, జడ్జిలను విచారణ తేలేవరకు అందరినీ పక్కనపెట్టారు. 2021లో వచ్చిన మెక్‌లారెన్ స్వతంత్ర నివేదిక, రియోలో బౌట్ల ఫలితాలను తారుమారు చేసే వ్యవస్థ ఉండేదని తేల్చింది. ఈ చరిత్ర తర్వాత, నలుగురికి ఎదురుగా ఒంటరిగా నిలిచిన స్కోరును ఎవరూ అమాయకంగా చూడరు. ఆయన వెనక కొందరు గుసగుసలాడుతున్నారని నాకూ తెలుసు.

అనుమానాన్ని మనసులో పెట్టుకుని శిక్షణ ఇవ్వలేం. అందుకే మొదట ఆ ప్రశ్నకే సమాధానం వెతికాను. పక్షపాతం ఉంటే దానికి ఒక దిశ ఉంటుంది. ఒక దేశం వైపు, ఆతిథ్య జట్టు వైపు, పేరున్న బాక్సర్ వైపు, పతకం దగ్గరపడుతున్న బౌట్ల వైపు అది మొగ్గాలి. తేడా వచ్చిన రౌండ్లన్నిటినీ ముందు పెట్టుకుని ఒక్కో కోణం నుంచి చూశాను. రంగును కూడా వదల్లేదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్‌తో సహా నాలుగు పోరాట క్రీడల ఫలితాలను పరిశీలించి, ఎరుపు ధరించినవారు కాస్త ఎక్కువగా గెలిచారని ఇద్దరు పరిశోధకులు 2005లో ప్రచురించినప్పటి నుంచి ఎరుపు కార్నర్‌నూ నీలం కార్నర్‌నూ వేరుగా చూడటం నాకు అలవాటైంది. ఈయన తేడాల్లో రంగుకు గానీ, దేశానికి గానీ, పేరుకు గానీ సంబంధం కనిపించలేదు. కనిపించింది ఒక్కటే. ఒక బాక్సర్ దూసుకొస్తూ, మరొకరు వెనక్కి జరుగుతూ కౌంటర్ పంచ్‌లతో, అంటే ప్రత్యర్థి దాడికి బదులుగా కొట్టే పంచ్‌లతో, ఆడిన రౌండ్లలోనే తప్పులు గుంపుగా ఉన్నాయి. అన్నిట్లోనూ ఆయన దూసుకొచ్చినవారికే రౌండు ఇచ్చారు.

నా మొదటి ఊహ

ఆయన జడ్జిగా చదువుకున్నది మీటల కాలంలో. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో వచ్చిన కంప్యూటర్ పద్ధతిలో జడ్జి ముందు ఎరుపుకొకటి, నీలానికొకటి చొప్పున మీటలు ఉండేవి. ఐదుగురిలో కనీసం ముగ్గురు ఒక సెకనులోపు ఒకే బాక్సర్‌కు నొక్కితేనే ఆ పంచ్‌కు పాయింటు. 2013లో పది పాయింట్ల పద్ధతి వచ్చాక జడ్జి పని స్వభావమే మారిపోయింది. ఇప్పుడు రౌండు మొత్తం చూసి, గెలిచినవారికి 10, ఓడినవారికి 9 లేదా 8, పూర్తిగా చేతులెత్తేస్తే 7 ఇవ్వాలి. లక్ష్య భాగంపై పడిన నాణ్యమైన పంచ్‌ల సంఖ్య, సాంకేతికంగానూ వ్యూహపరంగానూ ఉన్న ఆధిపత్యం, పోటీతత్వం అన్నవి కొలమానాలు.

మీటల అలవాటు వదలక ఈయన ఇంకా పంచ్‌లను లెక్కపెడుతున్నారని, అందుకే ఎక్కువ పంచ్‌లు విసిరేవారి వైపు మొగ్గుతున్నారని నేను అనుకున్నాను. పాత అధికారులలో ఈ జబ్బును చాలాసార్లు చూశాను కాబట్టి ఆ ఊహ మీద నాకు నమ్మకం ఎక్కువగానే ఉండేది. కానీ అది నిలవలేదు. తేడా వచ్చిన రౌండ్లలో కొన్నిటిలో దూసుకొచ్చిన బాక్సర్ విసిరినవే తక్కువ పంచ్‌లు. లెక్కపెట్టే జడ్జి ఆ రౌండ్లను వారికి ఇవ్వడు.

విఫలమైన ప్రయత్నాలు

కారణం తెలియకుండానే మందు ఇవ్వడం నేను చేసిన మొదటి తప్పు. ఆయన స్కోర్లు ఎన్ని చోట్ల మిగతా నలుగురికి భిన్నంగా ఉన్నాయో చూపించే పట్టిక తయారుచేసి చేతికిచ్చాను. అంకెలు చూస్తే జాగ్రత్త వస్తుందనుకున్నాను. తర్వాతి టోర్నమెంట్‌లో తేడాలు బాగా తగ్గాయి, నేను సంతోషించాను కూడా. మూడో రోజున ఒక బౌట్ ముగిశాక మాట్లాడుతూ, "రెండో రౌండు నీలానికి ఎందుకు ఇచ్చారు?" అని మామూలుగా అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "మొదటిది నీలానిదే కదండీ, ఆ ఊపు కొనసాగిందనిపించింది" అన్నారు. ఒక్క పంచ్ కూడా చెప్పలేకపోయారు. ఆయన స్కోరు మాతో కలిసింది గానీ ఆ స్కోరు వెనక చూపు లేదు. మొదటి రౌండు ఫలితాన్ని, హాలులో కేకలను పట్టుకుని మిగతావాళ్లు ఏం వేస్తారో ఊహిస్తున్నారు. ఐదుగురిని కూర్చోబెట్టేది ఐదు వైపుల నుంచి ఐదు చూపులు కావాలని. నేను వాటిలో ఒకదాన్ని ఆర్పేశాను.

పట్టికను వెనక్కి తీసుకుని, వీడియోల మీద సాధన పెట్టాను. ధ్వని తీసేసిన రౌండ్లు చూసి స్కోరు వేయమన్నాను. దాదాపు అన్నీ సరిగ్గా వేశారు. దూసుకొచ్చే బాక్సర్‌కూ కౌంటర్ బాక్సర్‌కూ జరిగిన రౌండ్లలో కూడా వెనక్కి జరుగుతూ కొట్టిన జాబ్‌లను (ముందు చేత్తో నేరుగా విసిరే పంచ్‌లను) ఒక్కొక్కటిగా చెప్పగలిగారు. మళ్లీ రింగ్ పక్కన కూర్చోగానే పాత తప్పులే చేశారు. నాకు చిరాకేసింది. అయితే ఈ వైఫల్యంలోనే కావలసిన సమాచారం ఉంది. నియమాలు ఆయనకు తెలుసు, కౌంటర్ పంచ్ విలువ తెలుసు. కెమెరా ఎత్తు మీద ఉండి ఇద్దరినీ ఒకే చట్రంలో చూపిస్తే ఆయన తప్పు చేయడం లేదు. ఎక్కడ చూడాలో తానే ఎంచుకోవలసి వచ్చినప్పుడే తప్పు జరుగుతోంది.

మధ్యలో ఒక టోర్నమెంట్‌లో ఆయనకు రెఫరీ బాధ్యత ఇవ్వకుండా జడ్జి పనికే పరిమితం చేశాం. కొంత మెరుగుపడ్డారు. రెండు పనులూ చేయక తప్పని రంగంలో అది పరిష్కారమని ఎవరూ అనరు గనక అక్కడితో వదిలేశాం. ఆ మెరుగుదల ఎందుకు వచ్చిందని అప్పుడే అడిగి ఉంటే కొన్ని నెలలు కలిసొచ్చేవి.

ముఖం చూసిన రోజు

తర్వాతి టోర్నమెంట్‌లో ఒక సాయంత్రం నేను బౌట్ చూడటం మానేసి ఆయన ముఖం చూశాను. ఆయన ఆ రోజు అప్పటికే రెండు బౌట్లకు రెఫరీగా చేసి వచ్చి, మూడోదానికి జడ్జి కుర్చీలో కూర్చున్నారు. నా కుర్చీ దాదాపు ఎదురుగా ఉంది.

రౌండు మొదలైన కాసేపటికి ఎరుపు బాక్సర్ లోపలికి దూకినప్పుడల్లా ఆయన తల అతనితో పాటు కదిలింది. నీలం బాక్సర్ పక్కకు తిరిగి, కుడి చెయ్యి వదిలి, కోణం మార్చి బయటపడేసరికి ఆయన చూపు ఇంకా ఎరుపు బాక్సర్ తల మీదే ఉంది. పంచ్ పడ్డాక నీలం వైపు తిరిగారు. అప్పటికి అక్కడ చూడటానికి ఏమీ మిగల్లేదు. ఇద్దరూ పెనవేసుకున్నప్పుడు ఆయన పెదవులు కదిలాయి. శబ్దం లేదు గానీ ఆ పలుకు ఏమిటో స్పష్టంగా తెలిసింది: "బ్రేక్", విడిపొమ్మని రెఫరీ ఇచ్చే ఆదేశం. బల్ల కింద కుడి పాదం ముందుకు జరిగి, మళ్లీ వెనక్కి వచ్చింది.

ఆయన కుర్చీలో కూర్చుని రెఫరీయింగ్ చేస్తున్నారు. తలతో గుద్దడం, పట్టుకోవడం, భుజంతో తోయడం వంటి తప్పులు ఎక్కువగా ఒకరు లోపలికి వచ్చే క్షణంలోనే జరుగుతాయి కాబట్టి, లోపలికి వచ్చేవాడి మీద కన్ను ఉంచడం రెఫరీకి ప్రాణరక్షణ విద్య. ఇరవై ఏళ్లు సానబెట్టుకున్న ఆ విద్య కుర్చీలో కూర్చోగానే ఆగిపోదు. దూసుకొచ్చేవాడినే చూస్తే దూసుకొచ్చేవాడి పంచ్‌లే కనిపిస్తాయి. ఆయన పక్షపాతి కాకపోగా, తనకు కనిపించినదాన్ని నూటికి నూరుపాళ్లు నిజాయితీగా స్కోరు చేస్తున్నారు.

ఈ విషయం ఆయనకు చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. "అయితే నేను బాగా చేసే పనే నన్ను ముంచుతోందన్నమాట" అన్నారు చివరకు. తనను అనుమానిస్తున్నారన్న బరువు దిగిన మనిషిలా కనిపించారు.

ఫలించినది

సాధనను టోర్నమెంట్ల నుంచి తీసి స్పారింగ్ (బాక్సర్ల మధ్య సాధన పోరు) జరిగే హాలుకు మార్చాం. అక్కడ ఫలితం లేదు, కేకలు లేవు, పతకం లేదు. మొదటి దశలో ఆయన స్కోరు వేయకూడదు. వెనక్కి జరిగే బాక్సర్ పంచ్‌లను మాత్రమే, పడిన వెంటనే, నోటితో చెప్పాలి: "జాబ్, ముఖం", "ఎడమ హుక్, పక్కటెముకలు", "చేతి మీద, లెక్కలోకి రాదు". పక్కన నేను కూర్చుని రాసుకునేవాడిని. మొదటి రోజుల్లో ఆయన చెప్పినవి నా లెక్కలో సగానికి దగ్గరగా మాత్రమే ఉండేవి.

చూపును ఎక్కడ నిలపాలన్నది అసలు ప్రశ్న. ఇద్దరిలో ఎవరినీ చూడకుండా, ఇద్దరి ఛాతీల ఎత్తున వారి మధ్య ఉన్న ఖాళీ మీద కళ్లు ఉంచమన్నాను. పంచ్ ఎవరిదైనా ఆ ఖాళీని దాటే వెళ్లాలి. మొదట్లో ఇది అసహజంగా ఉంటుంది, ఎవరినీ చూడటం లేదన్న భయం కలుగుతుంది. ఆ భయం వల్ల ఆయన మూడో రోజు మానేద్దామన్నారు. అప్పుడు ఒక ఉపాయం చేశాను. చెవుల్లో దూది పెట్టుకుని చూడమన్నాను. తెరిచిన గ్లవ్‌తో చరిచిన దెబ్బ హాలంతా మోగుతుంది గానీ దానికి విలువ లేదు. మూసిన పిడికిలి ముందు భాగంతో, శరీరం బరువు కలిసి, పక్కటెముకల మీద పడిన పంచ్ చాలాసార్లు మెత్తటి శబ్దమే చేస్తుంది. శబ్దం పోయేసరికి ఆయన చూపు దానంతటదే మధ్యలోకి వచ్చి నిలిచింది.

తర్వాత కుర్చీలు మార్చాం. ఒకే జంట ఆడే స్పారింగ్‌ను ఒక రౌండు ఒక వైపు నుంచి, మరో రౌండు ఎదురు వైపు నుంచి చూశారు. బాక్సర్ వీపు మన వైపు ఉన్నప్పుడు గ్లవ్ తగలడం కనిపించదు. భుజం తిరగడం, అవతలివాడి తల వెనక్కి కదలడం, గడ్డం లేవడం చూసి గ్రహించాలి. కొన్నిసార్లు అదీ కుదరదు. అలాంటప్పుడు కనిపించని పంచ్‌ను ఊహించి ఎవరి ఖాతాలోనూ వేయకూడదు.

ఇంకో అలవాటును బలవంతంగానే చేయించాను. రౌండు ముగిశాక స్కోరు నొక్కే ముందు మనసులో ఒక వాక్యం పూర్తిచేయాలి: ఎవరు, ఏ పంచ్‌లతో, ఎక్కడ కొట్టి గెలిచారు. ఆ వాక్యం "ముందుకు వచ్చాడు" అని మొదలైతే అది కొట్టివేత. ముందుకు రావడం పోటీతత్వానికి గుర్తు కావచ్చు, కానీ పంచ్‌ల నాణ్యతలో తేడా ఉన్నప్పుడు దాని మాట చెల్లదు. పంచ్‌ల నాణ్యత సమంగా ఉన్నదని నిజంగా అనిపిస్తే అప్పుడే రెండో, మూడో కొలమానం దగ్గరికి వెళ్లాలి. జడ్జికి స్కోరు పంపడానికి ఉండేది కొన్ని సెకన్లే గనక ఈ వాక్యం చిన్నదిగా ఉండాలి. మొదటి వారమంతా ఆలస్యమయ్యారు, తర్వాత అలవాటైపోయింది.

మూడు నెలల తర్వాత ఒక చిన్న టోర్నమెంట్‌లో మళ్లీ ఎదురు కుర్చీలో కూర్చుని ఆయన ముఖం చూశాను. తల దాదాపు కదల్లేదు. పాదాలు రెండూ నేలకు ఆని ఉన్నాయి. క్లించ్‌లో, అంటే బాక్సర్లు పెనవేసుకున్నప్పుడు, పెదవులు మాత్రం ఒకసారి కదిలాయి.

నేను ఊహించని నష్టం

అదే టోర్నమెంట్ రెండో రోజున ఆయన రెఫరీగా ఉన్న బౌట్‌లో తలలు ఢీకొని ఒక బాక్సర్ కనుబొమ్మ చీలింది. డాక్టర్ చూసి బౌట్ కొనసాగించవద్దన్నారు. లోపలికి దూకిన బాక్సర్ అంతకుముందు రెండుసార్లు తల ముందు పెట్టాడు. పాత రోజుల్లో అయితే ఈయన మొదటిసారే బౌట్ ఆపి హెచ్చరించేవారు. నేను కుర్చీ కోసం నేర్పిన చూపును ఆయన రింగులోకి తీసుకెళ్లారు. ఇద్దరి మధ్య ఖాళీని ప్రశాంతంగా చూస్తూ, పంచ్‌లను అందంగా గమనిస్తూ, లోపలికి వస్తున్న తలను ఆలస్యంగా చూశారు.

ఆ చీలిక బాధ్యతలో నా వాటా పెద్దది. ఒక అలవాటును తీసివేసేటప్పుడు అది ఇంకెక్కడ పనికొస్తోందో చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. రెఫరీ మొదటి బాధ్యత బాక్సర్ ఆరోగ్యం. జడ్జి తప్పు చేస్తే ఒక ఫలితం తారుమారవుతుంది, రెఫరీ తప్పు చేస్తే మనిషికి దెబ్బ తగులుతుంది. ఈ రెండింటిలో ఏది ముందో నేను మరిచి, ఒకదాన్ని బాగుచేయడానికి రెండోదాన్ని పణంగా పెట్టాను.

ఆ తర్వాత చేసింది రెండు చూపులను రెండు చోట్లకు కట్టివేయడం. రింగులోకి వెళ్లేటప్పుడు తాడు దాటగానే ఆయన మొదట బాక్సర్ల ముందు పాదాలను చూస్తారు. లోపలికి వచ్చే ఉద్దేశం తలలో కనిపించే ముందు పాదంలో కనిపిస్తుంది, ఆయన పాత నేర్పు అక్కడి నుంచే మొదలయ్యేది. కుర్చీలో కూర్చున్నప్పుడు రెండు అరచేతులూ బల్ల మీద పెట్టి, ఛాతీ ఎత్తున ఖాళీని చూస్తారు. చేతులు కదిలితే రెఫరీ లేచాడని ఆయనకే తెలుస్తుంది. రెఫరీ బౌట్‌కూ జడ్జి బౌట్‌కూ మధ్య కనీసం ఒక బౌట్ ఖాళీగా ఉండేలా చూడమని బాధ్యతలు కేటాయించేవారిని కోరాం. అధికారులు తక్కువగా ఉన్న చోట అది ప్రతిసారీ కుదరడం లేదు.

తర్వాత

మూడు స్టార్ల పరీక్షలో భాగంగా ఆయన జడ్జిగా కూర్చున్న ఒక బౌట్‌లో తీర్పు 4-1 వచ్చింది. ఆ ఒక్కరు ఆయనే. ఆ రోజు నేను అంచనా వేసేవారిలో లేను, ప్రేక్షకుడిలా వెనక కూర్చున్నాను. ఆయన స్కోరు తెరమీద కనిపించగానే నా గుండె జారింది. సాయంత్రం సమీక్షలో ఆ తేడాకు కారణమైన రౌండును మళ్లీ చూశారు. ఆయన కూర్చున్న వైపు నుంచి వెనక్కి జరుగుతున్న బాక్సర్ కొట్టిన మూడు కుడి పంచ్‌లు స్పష్టంగా కనిపించాయి. ఎదురు వైపు ఇద్దరు జడ్జిలకు రెఫరీ వీపు అడ్డొచ్చింది. రౌండు ఎవరికైనా ఇవ్వదగినదేనని, ఆయన స్కోరుకు ఆధారం ఉందని సమీక్షించినవారు రాశారు. కారణం అడిగినప్పుడు ఆయన మూడు పంచ్‌లనూ, పడిన చోట్లనూ, వరుసలో చెప్పారట.

నేను వాడే మూల్యాంకన పత్రంలో అప్పటి నుంచి రెండు గడులు అదనంగా ఉన్నాయి. ఒకదానిలో జడ్జి ఏ వైపు కుర్చీలో కూర్చున్నాడో రాస్తాను. రెండోదానిలో అంతకుముందు బౌట్‌కు అతను రింగులో ఉన్నాడా లేదా అని రాస్తాను. మిగతావారితో స్కోరు కలిసిందా లేదా అన్న గడి ఇంకా ఉంది, కానీ దాన్ని ఇప్పుడు చివర్లో నింపుతాను.